మార్తా వాళ్ళు ఆగారు

“గారెలు వేడివేడిగా వస్తూ ఉండాలి. నువ్వు మాత్రం కెమెరాలోకి రాకు,” అన్నారు మా ఆయన, నేను పొయ్యి మీద మూకుడు పెడుతుంటే.

మా రుచిత ఎనిమిదో తరగతి. వాళ్ళ స్కూలుకీ పోర్చుగల్‌లో ఏదో స్కూలుకీ ఆన్‌లైన్‌లో జత కుదిరింది. ఏడాదంతా ఈ పిల్లలూ ఆ పిల్లలూ కంప్యూటర్లో మాట్లాడుకుంటూ తమ ఇళ్ళూ పండగలూ చూపించుకుంటారు. ఒక దేశం వాళ్ళ బతుకు ఇంకో దేశం వాళ్ళకి అర్థం కావాలట. రుచితకి జతగా వచ్చిన పిల్ల పేరు మార్తా. ఆఖరి పనిగా రెండు కుటుంబాలూ తెరకి అటూ ఇటూ కూర్చుని కలిసి భోంచెయ్యాలని స్టెల్లా టీచరు చెప్పింది. మనకి సాయంత్రం, వాళ్ళకి మధ్యాహ్నం.

జత అన్న రోజు నుంచీ నాకు భయమే. వాళ్ళెవరో ఏమో, పిల్ల ఫొటో తీసి ఏం చేస్తారో, భవానీపురంలో మా ఇల్లు ఎక్కడో చెప్పించుకుంటారేమో, అవతల పిల్ల పేరుతో మాట్లాడేది నిజంగా పిల్లేనో కాదో. “పదో తరగతితో ఆగిపోయిన బుర్ర, ఇంతకన్నా ఏం ఆలోచిస్తుంది!” అని మా అన్నయ్య ముందే నవ్వారీయన. ఆ అన్నయ్యే చల్లపల్లి నుంచి తెచ్చిన మినుములు, నిన్న నేను ఏరి నానబోసినవి, ఇప్పుడు గిన్నెలో పిండిగా ఉన్నాయి. నేను భయపడినవేవీ జరగలేదు. భయపడాలని నాకు తోచనిది మాత్రం ఇవాళ మధ్యాహ్నం మా హాల్లోనే జరిగింది.

“అమ్మ ఎందుకు కూర్చోలేదని మార్తా అడిగితే ఏం చెప్పను నాన్నా?” అంది రుచిత.

“మా సంస్కృతిలో తల్లి అందరికీ పెట్టి ఆఖర్న తింటుంది, ఆమెకి అదే ఇష్టం అని చెప్పు. టీచరు కూడా మెచ్చుకుంటుంది.”

“అమ్మకి ఇష్టమా?”

“ఇష్టం లేకపోతే ఇన్నేళ్ళ నుంచీ చేస్తుందా?”

ఆ ముక్కని ఇంగ్లీషులో ఎక్కాలు బట్టీ పట్టినట్టు ఇల్లంతా తిరుగుతూ వల్లించింది నా కూతురు. నాకు మదర్, లాస్ట్, హ్యాపీ అన్న మాటలు తెలుసు. అవి చాలవూ! ఇష్టమట. కోడికూరలో మెడముక్కా అడుగున మిగిలిన పులుసూ నాకిష్టం. చల్లారి రబ్బరులా సాగే గారెలు నాకిష్టం. నూనె పొగకి ఆకలి చచ్చాక, అందరూ లేచిన బల్ల తుడిచి ఒక్కదాన్నే కూర్చోవడం మరీ ఇష్టం. రుచిత కడుపులో ఉండగా ఇదే వంటింట్లో కళ్ళు తిరిగి పడిపోతే, మా అత్తగారు మాణిక్యమ్మ గారు, “మధ్యలో రెండు నోట్లో వేసుకోవచ్చుగా అమ్మాయ్, ఎవరొద్దన్నారు?” అన్నారు. నిజమే, ఈ ఇంట్లో వద్దన్నవాళ్ళు లేరు. రా, కూర్చో అన్నవాళ్ళూ లేరు. వన్ టౌన్‌లో ఈయన కొట్లో పనిచేసే గుమాస్తాకైనా టిఫిన్ వేళకి, “వెళ్ళి తినిరావయ్యా” అని ఈయనే చెబుతారు.

మొదటి వాయి గారెలు పళ్ళెంలో వేసి గుమ్మం దాకా తెచ్చాను. రుచిత వచ్చి అందుకుంది. తెర మీద మార్తా, వాళ్ళ నాన్న, ఒక ముసలావిడ కనిపించారు. వాళ్ళమ్మ చేపల కూర గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టింది. చెమట తుడుచుకుంది. ఆవిడా నాలాగే వండింది, అలిసింది, ఆ ఇంట్లోనూ గరిటె ఆడమనిషి చేతిలోనే ఉంది. కాకపోతే ఆవిడ ఏప్రాన్ విప్పి కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఈయన అప్పటికే రెండో గారె తుంచారు. అవతల ఎవరూ ముట్టుకోలేదు. మార్తా ఏదో అడిగింది. రుచిత మొహం చిన్నబోయింది.

“ఏమంటోంది?” అన్నారీయన.

“అమ్మ కూర్చున్నాక తింటారంట నాన్నా. వండినవాళ్ళు కూర్చోకుండా వాళ్ళింట్లో మొదలుపెట్టరంట.”

“అయ్యో, కూర చల్లారిపోదూ! తినమనవే వాళ్ళని,” అని ఈయన పక్కన కూర్చున్న మా అత్తగారు తెగ బాధపడ్డారు.

“మధ్యాహ్నం నేర్పాగా, అది చెప్పు,” అన్నారీయన.

మార్తా వాళ్ళమ్మ మెడ సాచి, తెరలో నేనెక్కడున్నానో వెతుకుతోంది. ఎన్నడూ చూడని మనుషులు నా కోసం చేతులు ముడుచుకుని కూర్చున్నారు. నాకు వాళ్ళ మీద ప్రేమ పొంగలేదు, ఒళ్ళు మండింది. ఇంత చిన్న పని! కాసేపు ఆగడం. పెళ్ళయినప్పటి నుంచీ ఈ బల్ల దగ్గర ఒక్కరంటే ఒక్కరికి తోచలేదు. పైగా దానికి సంస్కృతి అని పేరు పెట్టి, నా పిల్ల నోటితోనే దేశాలు దాటిస్తున్నారు. ఈ రోజు అమ్మ గురించి చెప్పిన మాటని రేపు తన గురించి చెప్పుకోదని ఏమిటి? ఏ ఇంట్లోనో, ఏ వంటింట్లోనో నిలబడి, “నాకదే ఇష్టం” అని నవ్వుతూ అనదని ఏమిటి?

“ఇన్ అవర్ కల్చర్...” అని మొదలుపెట్టింది రుచిత.

“ఆగవే,” అన్నాను. పొయ్యి కట్టేశాను. వంటింట్లో ప్లాస్టిక్ స్టూలు పట్టుకుని నైటీ మీదే వచ్చి, నా కూతురి పక్కన వేసుకుని కూర్చున్నాను.

ఈయన కెమెరా కేసి నవ్వుమొహం పెట్టి, పళ్ళ మధ్య నుంచి, “ఏమేవ్, పిండి ఇంకా సగం ఉంది,” అన్నారు.

“ఉండనివ్వండి.”

“అమ్మా, మరి మార్తాకి ఏం చెప్పను?” అంది రుచిత.

“మా అమ్మకి ఆకలేస్తోందని చెప్పు. ముందు వాళ్ళకి ఇంగ్లీషులో చెప్పు. తర్వాత మీ నాన్నకి తెలుగులో చెప్పు.”