ఇంట్లో వద్దన్న భాష

పొద్దున ఎనిమిది కాకముందే జమ్లి పదకొండు గదుల తాళాలు తీసి, తొమ్మిది గదులు ఊడ్చి, పదో గదిలో కూర్చుని మెదడు తుడుస్తోంది. ప్లాస్టిక్ మెదడు. బాన్సువాడ బస్టాండు వెనక సందులో ఉన్న ఆ ఇంగ్లీషు మీడియం బడికి సైన్సు ల్యాబు అంటే ఒక బీరువా, రెండు బల్లలు, గోడకో అస్థిపంజరం పటం, ఈ మెదడు. అది ఎనిమిది ముక్కలుగా ఊడి వస్తుంది. సాయంత్రం పిల్లలు ఊడదీసి వదిలేస్తారు, పొద్దున్నే జమ్లి కూరుస్తుంది. ఏ ముక్క పేరేమిటో ఆమెకు తెలియదు, ఏది ఎక్కడ కూర్చోవాలో వేళ్లకు తెలుసు.

ఇవాళ ఏడు ముక్కలు కుదిరాయి. ఎనిమిదోది కుడిచేతిలోంచి జారి బల్ల కిందికి దొర్లింది. వంగి తీసింది, మళ్లీ జారింది. రాత్రి చెయ్యి కింద పెట్టుకుని పడుకుని ఉంటానులే అనుకుని, ఎడమచేత్తో దాన్ని లోపలికి నొక్కింది. తల మాత్రం తెల్లవారుజాము నుంచీ ఒకటే పోటు. నిన్న తండాలో తీజ్ పండగ ఆఖరి రోజు. ఆడపిల్లలు తొమ్మిది రోజులు పెంచిన గోధుమ మొలకల బుట్టలను వానలో తడుస్తూ వాగులో కలిపి వచ్చారు. వాళ్ల వెంట పోయి తనూ తడిసింది గనక, ఆ తడుపుకు పట్టిన తలనొప్పే అనుకుంది.

యాభై నాలుగేళ్ల పొట్టి మనిషి. బడివాళ్లిచ్చిన నీలం చీర, అరిగిన రబ్బరు చెప్పులు, నడుముకు తాళాల గుత్తి. ఈ కొలువులో చేరిన రోజే అద్దాల రవికె, చేతినిండా తొడిగే గాజులు మూటగట్టి అక్క సోమ్లి ఇంట్లో పడేసింది. చేతుల మీది పచ్చబొట్లు తీసి పడేసే వీల్లేదు గనక ఉండిపోయాయి.

కూతురు స్వాతి ఇదే బడిలో మూడో తరగతికి తెలుగు చెబుతుంది. గేటు లోపల తల్లి కూతుర్ని "మేడం" అంటుంది, కూతురు తల్లిని "ఆయమ్మా" అంటుంది. ఆ ఒప్పందం జమ్లిదే. కూతుర్ని నలుగురిలో మేడం అని పిలిచిన ప్రతిసారీ ఆమె గుండె ఇంత పొంగుతుంది. ఎవరైనా చూసి జాలిపడితే ఆమెకు వాళ్ల మీదే జాలి.

ఇరవై ఏళ్ల కిందట చెరుకు నరకడానికి మహారాష్ట్ర పోయిన మొగుడు లక్‌పతి జ్వరంతో తిరిగొచ్చి వారానికే పోయాడు. నాలుగేళ్ల పిల్లతో తండా వదిలి టౌనులో కిరాయి గదిలో దిగింది. బడిలో చేరిన కొత్తలోనే ఒకటి చూసింది. తండా పిల్ల ఒకతి తన భాషలో నీళ్లడిగితే, అప్పటి టీచరమ్మ ఆ మాటనే వెక్కిరిస్తూ, క్లాసంతా నవ్వేదాకా పిల్లచేత మూడుసార్లు అనిపించింది. ఆ సాయంత్రం చెత్తబుట్టలో దొరికిన, ఒక మూల విరిగిన చెక్క స్కేలును జమ్లి కొంగు కింద దాచి ఇంటికి తెచ్చింది.

"యాడీ" అని తల్లిని పిలిచినందుకు స్వాతికి పిక్క మీద మొదటి దెబ్బ పడింది. ఏడుస్తూ మళ్లీ "యాడీ" అన్నందుకు రెండోది. ఆర్నెల్లలో "అమ్మా" అనడం వచ్చింది. రెండేళ్లకు తండా భాష మొత్తం ఆ పిల్ల తలలోంచి తుడిచిపెట్టుకుపోయింది. జమ్లి తనూ ఇంట్లో ఆ భాష నోట రానివ్వలేదు. వచ్చీరాని తెలుగులోనే లాలించింది, దానిలోనే తిట్టింది. పిల్ల తెలుగు మేడం అయ్యింది కాబట్టి తానే గెలిచానని నమ్మింది.

మొదటి పీరియడులో పదో తరగతి నుంచి కబురొస్తే మెదడు పట్టుకుపోయింది. చెప్పేది భావన మేడం. వర్ని దగ్గర కాలువ కింద వరి పండించే ఆంధ్ర కుటుంబం ఆమెది. పాఠం బాగా చెబుతుంది, ఆ మాట ఒప్పుకోవాలి. మెదడు తిరిగి తీసుకెళ్లాలని జమ్లి గుమ్మం దగ్గరే గోడకు ఆనుకుంది.

"ఇటు చూడండిరా, ఇది ఎడమ సగం. మాట అనేది చాలామందికి ఇక్కడే ఉంటుంది. ఇక్కడ రక్తం ఆగిందనుకోండి, మనిషి నిలబడే ఉంటాడు, మాట పోతుంది. రెండు భాషలు వచ్చినవాళ్లకి ఒక్కోసారి ఒకటి పోయి రెండోది మిగులుతుంది. ఏది మిగులుతుందో ముందే చెప్పలేం."

"మేడం, ఇంగ్లీషు పోతే పరీక్ష రాయక్కర్లేదా?" అన్నాడొకడు.

"పోవాలంటే ముందు రావాలి కదరా నీకు!" క్లాసంతా నవ్వింది. "సరే, రాసుకోండి. మూతి ఒక పక్కకి జారడం, చెయ్యి లేవకపోవడం, మాట తడబడటం. ఈ మూడింట్లో ఏది కనపడినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఒక్కో గంటా విలువైందే. రెండు మార్కుల ప్రశ్న ఇది, వదలొద్దు."

నలభై పెన్నులు గరగరా రాశాయి. జమ్లికి ఆ మాటల్లో సగం వినబడ్డాయి, సగం రేకుల మీద వాన చప్పుడులా పోయాయి. ఎంత ఆలోచించినా భావన మేడం ఏ భాషలో మాట్లాడుతోందో తెలియలేదు.

రెండో పీరియడు అయ్యాక రెండు గంటలు కొట్టాలి. వరండాలో వేలాడే రైలు పట్టా ముక్క మీద ఇనప కడ్డీతో ఒకటి కొట్టింది, రెండు కొట్టింది. రెండంటే ఎంతో తోచలేదు. ఆపితే తప్పవుతుందేమోనని భయపడి కొడుతూనే పోయింది. ఇంటి గంట అనుకుని పిల్లలు సంచులు తగిలించుకుని గేటు దాకా ఉరికారు. కడ్డీ చేతిలోంచి జారి కాలి మీద పడింది. నొప్పి తెలియలేదు.

కరస్పాండెంటు సాయిప్రసాద్ ఎర్రబడ్డ మొహంతో వచ్చాడు. "ఏంటి జమ్లీ ఇది? మతుండే కొట్టావా?"

తప్పయింది సార్ అనబోయింది. ఆ రెండు మాటలూ రోజుకు నాలుగుసార్లు అనేవే. నోట్లోంచి వచ్చింది మాత్రం తండా భాష. తన గొంతు విని తనే ఉలిక్కిపడి ఎడమచేత్తో నోరు మూసుకుంది.

"నిన్న మీ తీజ్ కదూ! ఇంకా దిగలేదన్నమాట." నాలుగడుగుల దూరం నుంచే వాసన పట్టి చూశాడు. జమ్లి పుట్టాక కల్లు చుక్క ముట్టిన మనిషి కాదు. కాదు కాదని తల అడ్డంగా ఊపింది. "ఊగకు, ఊగకు. స్టోరు రూములో పడుకో పో. పేరెంట్స్ కంటపడ్డావంటే ఊరుకోను."

ఆమె స్టోరు రూముకు పోలేదు, మూడో తరగతికి పోయింది. ఏదో జరుగుతోందని తెలిసిపోయింది. చెప్పుకోవడానికి ఈ బడిలో తనకు ఉన్నది ఒక్క మనిషి.

స్వాతి బోర్డు మీద గుణింతం రాస్తోంది. గుమ్మంలో నిలబడి జమ్లి, తల పగిలిపోతోంది బిడ్డా, చెయ్యి చచ్చుబడింది, నన్ను దవాఖానకు తీసుకుపో అంది. అంతా తండా భాషలోనే అంది. ముందు బెంచీ పిల్లలు కిసుక్కున నవ్వారు. ఒకడు ఆమె మాటను అచ్చం అలాగే అని చూపించాడు.

స్వాతి గబగబా గుమ్మం దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది. "ఏందమ్మా ఇది? గీడ గా మాటలేంది? తెలుగుల చెప్పు."

జమ్లి అదే మళ్లీ చెప్పింది, ఇంకా గట్టిగా.

"తెలుగుల చెప్పమంటున్న గదా! అందరు చూస్తుండ్రు." వెనక్కి తిరిగి పిల్లలకు వినిపించేలా, "ఆయమ్మా, పోయి పండుకోండి," అంది.

కూతురి మాటలు జమ్లికి ఒక్కటీ అందలేదు. ఆ గొంతు మాత్రం బాగా అందింది. అది తన గొంతే. స్కేలు పట్టుకున్న మొదటి సాయంత్రం ఇలాగే పళ్ల బిగువున మాట్లాడింది తను. ఎవరిమీదా కోపం రాలేదు, సిగ్గేసింది.

స్టోరు రూములో విరిగిన బెంచీల మధ్య గోనెపట్టా మీద ఒరిగింది. మధ్యాహ్నం అన్నాల వేళ, ఆయా రాలేదని విసుక్కుంటూ మెదడును తనే మోసుకుపోతున్న భావన మేడం తెరిచిన తలుపులోంచి చూసింది. జమ్లి మూతి కుడిపక్క కిందికి జారి ఉంది. లాలాజలం కారి జాకెట్టు తడిసింది. కుడిచెయ్యి ఎవరో పడేసి పోయినట్టు పక్కన పడి ఉంది. పొద్దున నలభైమందికి రాయించిన మూడు గుర్తుల్లో రెండు కళ్ల ముందే ఉన్నాయి.

"ఛీ, ఎంత పట్టించిందో చూడు!" అంది భావన. ఏ వాసనా రాకపోయినా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, కాలితో తలుపు దగ్గరకు వేసి వెళ్లింది.

మూడున్నరకు ఇంటి గంట మోగలేదు. బడి వ్యాను నడిపే మోతీరాం ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. అతనిదీ ఇంకో తండానే. జమ్లి నోట రెండు మాటలు విన్నాడో లేదో ఆఫీసు గదికి ఉరికాడు.

"సార్, ఆమె తాగలే. పొద్దుగాలటిసంది తల పలుగుతుందంట, చెయ్యి సచ్చువడ్డదంట. దవాఖానకు తీస్కపోదాం సార్."

సాయిప్రసాద్ కిటికీలోంచి గేటు వైపు చూశాడు. గొడుగులు పట్టుకుని తల్లిదండ్రులు నిలబడ్డారు. "ముందు ట్రిప్పు వేసి రా. అరగంటలో ఏమైపోదు."

"అంబులెన్సుకన్న ఫోన్ జేద్దాం సార్."

"గేటు ముందు అంబులెన్సు ఆగితే బడిలో ఏదో అయిందని ఊరంతా అంటారు. నువ్వు బయల్దేరు."

మోతీరాం వెళ్లాడు. ఆ రోజు ఆ బడిలో ఆమె బాధ అర్థమైన మనిషి అతనొక్కడే, అతనూ వెళ్లాడు. పోతూ పోతూ స్వాతితో, "మేడం, మీ అమ్మకు పానం బాగలేదు, పోయి చూడుండ్రి," అన్నాడు.

స్వాతి పరుగెత్తుకొచ్చి తల్లి తల ఒళ్లో పెట్టుకుంది. ఫోను తీసింది. గుమ్మంలో సాయిప్రసాద్, "వ్యాను వచ్చేస్తోందమ్మా, కంగారుపడకు," అన్నాడు. ఫోను తిరిగి సంచిలో పెట్టేసింది. సారు మాట దాటొద్దని ఆమెకు నేర్పింది జమ్లే.

వానకు కాలువ వంతెన మీద బండ్లు ఆగిపోయి, అరగంట గంటంపావు అయింది. ఆ గంటంపావులో జమ్లికి ఒకసారి బాగా తెలివి వచ్చింది. ఎడమచెయ్యి ఎత్తి కూతురి చేతి మీద మోచెయ్యి నుంచి మణికట్టు దాకా కొలిచి చూపించింది. అంత పొడుగు, ఆ చెక్క అంది. ఆ చెక్కను పొయ్యిలో పెట్టు బిడ్డా. నేను కొట్టకుండా ఉండాల్సింది. నీ మాట నీకు ఉండనివ్వాల్సింది. పొయ్యిలో పెట్టెయ్, బూడిదైపోనీ.

"అర్థమైతలేదమ్మా." స్వాతి ఏడుస్తోంది. "ఒక్కసారి తెలుగుల చెప్పవా. ఒక్కటే సారి."

కూతురు ఏం అడుగుతోందో జమ్లికి ఈసారి తెలిసింది. లోపలంతా వెతికింది. ఇరవై ఏళ్లు వాడిన తెలుగులో ఒక్క ముక్క దొరకలేదు. మళ్లీ అదే చెప్పింది. మూడోసారి చెప్పేటప్పుడు మాట నాలుక మీద ముద్దయిపోయింది. చెయ్యి కూతురి మణికట్టు దగ్గర ఆగిపోయింది.

మోతీరాం వచ్చి వ్యానులో పడుకోబెట్టాడు. దవాఖాన మలుపు తిరగకముందే ఊపిరి ఆగింది.

"ఎప్పుడు మొదలైందమ్మా?" అడిగాడు డాక్టరు.

"పొద్దున," అంది స్వాతి.

"పొద్దున మొదలైతే గిప్పుడా తెచ్చేది?"

వెనకే వచ్చిన సాయిప్రసాద్ ఫోను మాట్లాడుతూ బయటికి వెళ్లాడు.

పదోరోజు సోమ్లి వచ్చి కిరాయి గదిలో కూర్చుంది. స్వాతి ఈ పది రోజులూ ఒకటే దాచుకుంది. తల్లి ఆఖరి మాటలను మరిచిపోకుండా పొద్దునా సాయంత్రం లోలోపల అనుకుంటూ వచ్చింది. ఇప్పుడు పెద్దమ్మ ముందు బయటికి అంది.

"ఇంకోసారి అను బిడ్డా," అంది సోమ్లి.

మళ్లీ అంది. సోమ్లి చెవి దగ్గరగా పెట్టి విని, తల ఊపింది. "అది మా మాట గాదు బిడ్డా. ఏ మాటా గాదు. అరిగిపోయింది."

రాని భాషను ఎంత గట్టిగా పట్టుకున్నా, తలలో మాట మాటగా నిలవదు. స్వాతి తన చెయ్యి చాపి, మోచెయ్యి నుంచి మణికట్టు దాకా తల్లి కొలిచిన కొలత చూపించింది. ఇద్దరి కళ్లూ ఒకేసారి గోడ మీదికి పోయాయి. మేకుకు తగిలించిన చెక్క స్కేలు సరిగ్గా అంతే ఉంది.

"అగో, గదే!" సోమ్లి భోరుమంది. "నిన్ను గా కట్టెతోనే పెద్దజేసింది గదా. పైలంగ పెట్టుకోమన్నది బిడ్డా, నీ తాననే ఉంచుకోమన్నది."

స్వాతి స్కేలు తీసి రెండు కళ్లకూ అద్దుకుంది. అమ్మ చివరి మాట ఇన్నాళ్లకు అర్థమైందని ఆమె గుండె కొంచెం కుదుటపడింది.

సోమవారం ఆ స్కేలును బడికి తీసుకుపోయింది. వరండాలో కొత్త ఆయా గంట కొట్టింది. మూడో తరగతిలో రెండో బెంచీలో కొత్తగా చేరిన తండా పిల్ల లేచి, మరిచిపోయి, తన భాషలో నీళ్లడిగింది. పిల్లలు నవ్వారు.

"తెలుగులో అడుగు," అంది స్వాతి, మెత్తగానే.

ఆ పిల్ల అడగలేదు, బల్ల వైపు చూస్తూ నిలబడింది. బల్ల మీద హాజరు పుస్తకం పక్కన, ఒక మూల విరిగిన చెక్క స్కేలు, పట్టుకునే చోట జమ్లి వేళ్లకు అరిగి నున్నగా ఉంది.