గోరువెచ్చని సముద్రం

శేషశయనా, సందేహాలు తీర్చే తండ్రీ, నీకు మ్రొక్కి ఈ కథ చెబుతున్నాను.

పార్థివనామ సంవత్సర శ్రావణ పున్నమినాడు పేరుపాలెంలో సముద్రస్నానం చేస్తూ మా ఇల్లాలు కాంతం, "ఏవండీ, సముద్రుడు మీకోసం నీళ్లు కాచి ఉంచాడండీ!" అని నవ్వింది. విదియనాడు ఏలూరు యాత్రికులతో బదరీకి బయలుదేరింది. తిథి పెట్టింది నేనే.

వారం తిరగకుండా అక్కడ కుంభవృష్టి కురిసి, కొండచరియలు విరిగి దారి మూసుకుపోయిందని తెలిసింది. రెండురోజులు ఆమె కబురు లేదు.

"తిథి తప్పు పెట్టానా?" అని కళాశాలలో భూగోళం చెప్పే అల్లుడు వీరేంద్రను అడిగాను.

"తిథి కాదు మావయ్యగారండీ. సముద్రం వేడెక్కితే ఆవిరి పెరుగుతుంది. గాలులు దాన్ని మోసుకెళ్లి హిమాలయాలపై కుమ్మరిస్తాయి."

"మేము స్నానం చేసిన సముద్రమేనా?"

"ఆ ఆవిరి ఏ సముద్రానిదో చెప్పలేనండీ."

అంతలో ఫోను మోగింది. "క్షేమమేనండీ, దర్శనం కాలేదు. మళ్లీ మంచిరోజు చూడండి," అంది కాంతం.

పంచాంగం తెరిచాను. తిథులన్నీ ఉన్నాయి. సముద్రపు వేడి ఏ పుటలో చూడాలో తెలియలేదు.

విన్నవారి దారులన్నీ క్షేమంగా తెరిచి ఉండుగాక!