చుమ్మార్ ఆకురాయితో చేసిన అక్షరం

"విరిగిన అచ్చా! ఎవడమ్మా ఆ మాటన్నది?" చుమ్మార్ కాఫీ గ్లాసు టక్కున కింద పెట్టాడు.

కేరళలోని కున్నంకుళం ఊళ్లో, ప్రెస్సులో యాభై ఏళ్లు సీసపు అచ్చులు పేర్చిన మనిషి. వయసు డెబ్బై ఎనిమిదికి చేరినా కోపం మాత్రం ముసలిదవలేదు. ఎదురుగా లాప్‌టాప్‌తో కూర్చున్న రాధామణి టీచర్, వచ్చిన జవాబు మళ్లీ చదివి వినిపించింది. కంప్యూటర్లో అక్షరాలకు చోటు కేటాయించే సంఘానికి ఆమె పాత మలయాళంలోని అర 'య' అనే అక్షరానికి చోటివ్వమని పత్రం పంపింది. దానికి చోటు దొరికితేనే పాత పుస్తకాలు ఉన్నవి ఉన్నట్టు కంప్యూటర్లోకి ఎక్కుతాయి. సాక్ష్యంగా చుమ్మార్ పేర్చిన వైద్యగ్రంథం పుటలు జతచేసింది. అది అక్షరం కాదేమో, 'య' అచ్చు విరిగి అలా పడిందేమో అని వాళ్ల అనుమానం. కావాలనే వేశారని శనివారంలోగా రుజువు చూపకపోతే ఇక దాని ఊసెత్తరు.

"విరిగినవి కరిగించేవాళ్లం టీచరమ్మా. పుటలో పెడితే యజమాని, ఆ ఐప్ ముదలాళి, బతకనిచ్చేవాడా?"

"నాకు తెలుసు చేట్టా," అంది టీచర్, అన్నని పిలిచినట్టు. "వాళ్లకి కాగితం కావాలి."

చుమ్మార్ తాళం వేసిన ట్రంకుపెట్టె వైపు చూశాడు. కాగితం ఉంది. భార్య కొచ్చుత్రేస్యకి కూడా చూపించనిది.

అప్పుడతనికి ఇరవై రెండేళ్లు. ఆ అక్షరం అచ్చు ప్రెస్సులో లేదు. లేని అచ్చు చోట అంతే వెడల్పున్న మరొకటి తలకిందులుగా దిగేసి, తర్వాత మార్చడం వాళ్ల అలవాటు. అలా దిగేసినచోట ప్రూఫులో అక్షరానికి బదులు నల్లటి మచ్చ పడుతుంది. చుమ్మార్ ముప్పై ఒక్కచోట్ల దిగేశాడు, ఫోర్‌మన్‌కి చెప్పడం మరిచాడు. ప్రూఫు నేరుగా గ్రంథం రాసిన వైద్యుడి చేతికెళ్లింది. ఆయన ప్రతి మచ్చ పక్కనా ఎర్రసిరాతో ఆ అక్షరం రాసి, తేదీ వేసి తిప్పి పంపాడు. "ఇది పుస్తకమా, చీమలపుట్టా?" అని ఐప్ ముదలాళి అందరి ముందూ కడిగేశాడు. రెండు రోజులు కూర్చుని, 'య' అచ్చుల్ని ఆకురాయితో అరగదీసి ముప్పై ఒక్క అక్షరాలు చేశాడు చుమ్మార్. ప్రూఫు మాత్రం సిగ్గుతో ట్రంకుపెట్టె అడుక్కి తోసేశాడు.

ఇప్పుడు తీసుకొచ్చి టీచర్ ముందు పరిచాడు.

"దీనికోసమా ఆ తాళం?" కొచ్చుత్రేస్య బుగ్గలు నొక్కుకుంది. "ఎవత్తె ఉత్తరాలో అనుకుని ఇన్నేళ్లూ కుమిలి చచ్చాను కదయ్యా!"

టీచర్ ఎర్రసిరా అక్షరాల్ని, అచ్చయిన పుటనీ పక్కపక్కన పెట్టి చూసింది. "ముప్పై ఒక్కసారీ ఒకేలా విరగదు కదా చేట్టా!"

"విరగలేదు. ఈ వేళ్లే అరగదీశాయి." యాభై ఆరేళ్లు దాచిన సిగ్గు ఆ మాటతో ఎటో పోయింది. అతని ఛాతీ ఉప్పొంగింది.

ఏడాది తర్వాత అక్షరానికి చోటు దొరికింది. ఆ ప్రూఫు బొమ్మ జతచేసి సంఘానికి పంపిన పత్రం అచ్చుప్రతి టీచర్ తెచ్చి ఇచ్చింది. చుమ్మార్ కళ్లజోడు పెట్టుకుని, అలవాటుగా తప్పులు వెతుకుతూ వేలు నడిపాడు. ప్రూఫు బొమ్మ కింద వేలు ఆగింది. 'పేర్చినవారు: కె.సి. చుమ్మార్, కున్నంకుళం.' ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివాడు. తప్పు లేదు. వందల పుస్తకాల్లో రాసినవాడి పేరు పేర్చాడు, ముదలాళి పేరు పేర్చాడు. తన పేరు ఎందులోనూ పడలేదు.

"త్రేస్యా, ఇలా రా. ఇది చదువు."

"కళ్లజోడు లేదు. నువ్వే చదువు."

చుమ్మార్ లేచి నిలబడి, వీధి చివరిదాకా వినపడేట్టు చదివాడు.