పదిహేనో పిల్ల

శనివారం పొద్దున్నే రొవేనా బడి ఆవరణలో చెంబుతో నీళ్లు పోస్తూ ఆటకు గీతలు గీసేది. ఇలోయిలో అనే పట్నంలో, కాలేజీ ఆఖరి ఏడు ఆమెకు. పిల్లలకు ఆటలు నేర్పితేనే డిగ్రీ మార్కులు పడతాయి. ఆటలో ఆమె నోట ఏ మాట వస్తే అదే జరిగేది. "శిల" అంటే పిల్లలు శిలలైపోవాల్సిందే, మళ్లీ ఆమె "అయిపోయింది" అనేదాకా. ఒకసారి మరిచిపోయి కాఫీకి పోయింది, ఆమె తిరిగొచ్చేదాకా పిల్లలు శిలలుగానే ఉండిపోయారు. తల్లులు గోడవారన వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నారు. "మావాణ్ణి వదిలాక పంపమ్మా, బియ్యం తేవాలి" అన్నారంతే.

పిల్లలు పదిహేనుమంది, జట్టుకు ఏడుగురు. మిగిలింది డుడాయ్, ఎండుచేపల షెడ్డులో చేపలు కోసే ఆమె కూతురు.

"నువ్వు ఆటలో అరటిపండువి, పో" అంది రొవేనా. ఆ ఊళ్లో దీన్నే పిల్లి అంటారులెండి, ఏదైతేనేం. పరిగెత్తొచ్చు, దొరికినా ఔట్ కాదు, గెలిచినా లెక్కలోకి రాదు.

ఇంతలో కాలేజీ నుంచి మార్కులు వేసే మేడమ్ వచ్చింది. డుడాయ్ నీళ్లకు వెళ్లి ఉండగానే రొవేనా "అయిపోయింది" అనేసి, ఫొటోకి పళ్లన్నీ కనబడేలా నవ్వింది. చెంబుతో తిరిగొచ్చిన పిల్ల అరటిపండుగానే మిగిలిపోయింది.

సోమవారం టీచరు హాజరులో ఆమె పేరు దాటేసింది. ఊళ్లో తిరిగే జీప్నీ బండి డ్రైవరు ఆమెను చార్జీ అడగలేదు. ఇంట్లో ఉన్నది ఐదుగురైతే అమ్మ నాలుగే కంచాలు పెట్టింది. "అయ్యో, నా తల్లే!" అని నాలుక కరుచుకుంది. మర్నాడూ నాలుగే పెట్టింది.

డుడాయ్ కాలేజీ గేటు దాకా వెళ్లింది. "అక్కా, నాక్కూడా అయిపోయిందని చెప్పవా?"

"శనివారం మళ్లీ నువ్వేగా అరటిపండువి! నిన్ను కలిపితే జట్లు సరిపోవు, మేడమ్ నన్ను తిడుతుంది."

"ఆదివారం పరీక్షక్కా."

"అబ్బ, అప్పటికి చెప్తాలేవే!"

పట్నం హైస్కూల్లో ఉచితంగా చదివే సీటు కోసం ఆ పరీక్ష. నెగ్గితే చదువు, లేకపోతే అమ్మ పక్కన చేపలు కోయడమే. దరఖాస్తు అందరికంటే ముందు ఇచ్చింది డుడాయే. శనివారం ఆట బ్రహ్మాండంగా సాగింది. చెప్పాల్సిన మాట మాత్రం రొవేనాకు గుర్తే లేదు.

ఆదివారం పరీక్ష హాల్లో ముప్ఫై కుర్చీలు. పరీక్ష పెట్టేది కాలేజీ మేడమే, సాయానికి రొవేనా. డుడాయ్ కుర్చీలో, ఆలస్యంగా పేరిచ్చిన జున్‌జున్ కూర్చున్నాడు. పేపర్లు పంచుతున్న రొవేనా చెయ్యి పట్టుకుంది డుడాయ్. "ఇప్పుడైనా చెప్పక్కా, నీకు దణ్ణం పెడతా."

రొవేనాకు సిగ్గేసింది. "అయిపోయింది, డుడాయ్" అంది.

అప్పుడు మేడమ్ తలెత్తి చూసింది, లెక్కపెట్టింది. "ముప్ఫై ఒక్కరు! ఒకరు ఎక్కువున్నారే. ఆఖర్న వచ్చిందెవరు?"

పిల్లలంతా డుడాయ్‌కేసి చెయ్యి చూపించారు.

"అక్కా, నేనే ముందు పేరిచ్చానని చెప్పు!"

రొవేనాకు తెలుసు. కానీ చెబితే తన మతిమరుపంతా బయటపడుతుంది. మార్కుల కాగితం మీద మేడమ్ సంతకం ఇంకా కాలేదు. ఆమె పేపర్ల కట్ట సర్దుకుంటూ ఉండిపోయింది.

"నిలబడ్డావేం రొవేనా? బయట దింపిరా."

దింపి వచ్చింది.

ఆ మధ్యాహ్నం ఎండుచేపల షెడ్డులో మేస్త్రీ కూలీలను లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. పన్నెండు, పదమూడు, పద్నాలుగు. డుడాయ్ అమ్మ వెనకాల దాక్కుంది. అతను వంగి మరీ చూశాడు.

"పదిహేను" అని, ఆ పిల్ల చేతికి కత్తి ఇచ్చాడు.