భుజం మీది సవతి

“ఇవాళ కూరేంటి అంతోనయ్యా?” అంటూ జోజమ్మ అతని జబ్బ మీద కండను వేళ్ళతో పట్టుకుంది.

“దొండకా...” అనేసరికి సూది దిగింది, మందు ఎక్కింది. “...య,” అని ముగించి, అప్పుడే అయిపోయిందా అన్నట్టు జబ్బ తడుముకున్నాడతను.

జోజమ్మ పద్ధతే అది. మనిషి మనసు వంటింట్లోకి వెళ్ళగానే తను ఒంట్లోకి సూది పంపిస్తుంది. తిరువూరు బస్టాండు వెనక ఉండే ఆస్పత్రిలో నర్సుగా చేసింది. అది మూతపడ్డాక, స్టీలు డబ్బా చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఇంజెక్షన్లు చేస్తోంది. పొట్టి మనిషి, పెద్ద గొంతు, పగిలిన మడమలు. ఫ్రిజ్‌లోంచి తీసిన మందుసీసాను గుప్పిట్లో వెచ్చబెట్టనిదే సూదిలోకి ఎక్కించదు.

అంతోనయ్య ఇంటినుంచి ఆమె విస్సన్నపేట రోడ్డు పట్టింది. ఆ రోడ్డులోనే సీతారావమ్మ ఇల్లు. పిలుపు మాత్రం లేదు.

సీతారావమ్మకు ఎముకల్లోకి పాకిన క్యాన్సరు. తగ్గించడం తమవల్ల కాదనీ, నొప్పి తెలియకుండా చూసుకోమనీ డాక్టర్లు చెప్పేశారు. పొద్దునా సాయంత్రం జోజమ్మ వచ్చి ఇంజెక్షన్ ఇచ్చేది. నొప్పి లేచిందంటే ఇల్లంతా గేటువైపు చూసేది. ఆ చూపులకు జోజమ్మ రాణిలా నడిచి వచ్చేది. పోయిన వారం కొడుకు గిరిబాబు విజయవాడ నుంచి మందుపట్టీలు తెచ్చాడు. పల్చటి చదరపు ముక్క. అతికిస్తే మూడు రోజులపాటు మందు చర్మంలోంచి మెల్లగా ఇంకుతుందట. సీతారావమ్మ భుజానికి పట్టీ అంటుకుంది, జోజమ్మ కడుపులో మంట అంటుకుంది. సూదిపోటు తనదైతే పోటీ దానిది. దానికి సవతి అని పేరు కూడా పెట్టేసింది.

గేటు చప్పుడుకు కోడలు సౌజన్య బయటికొచ్చింది. “మళ్ళీ వచ్చారేంటి జోజమ్మగారూ? అత్తయ్యకి నొప్పేం లేదు.”

“ఎ.కొండూరు ఆటో ఎక్కుదామని ఇటొచ్చానమ్మా.”

“ఆటోలు ఆగేది ఇటు కాదు, అటేగా,” అని సౌజన్య నవ్వి, కాఫీ పెట్టడానికి లోపలికెళ్ళింది.

సీతారావమ్మ నిద్రపోతోంది. నుదుటి ముడత విడిపోయింది, బిగుసుకునే వేళ్ళు దుప్పటి మీద వదులుగా ఉన్నాయి. జోజమ్మ సూదికి ఏనాడూ ఇంత నిద్ర పట్టలేదు. భుజం మీద పట్టీ నిక్షేపంగా కూర్చుంది.

“మాటా మంచీ లేదు,” అని జోజమ్మ దానితో గొణిగింది. “కూరేంటని అడగడం వచ్చా నీకు?”

సవతి పలకలేదు.

జోజమ్మ గోరు పట్టీ మూల కిందికి దూరింది. ఇది ఊడితే సాయంత్రానికి నొప్పి వస్తుంది. నొప్పి వస్తే కబురొస్తుంది. ఇల్లంతా మళ్ళీ గేటువైపు చూస్తుంది. మూల లేచింది.

“జోజమ్మా,” అంది సీతారావమ్మ కళ్ళు తెరవకుండానే. “ఇవాళ కూరేంటే?”

జోజమ్మ చెయ్యి ఆగిపోయింది. ఊరందరినీ తను అడిగిన మాట. తనను ఎవరూ అడగని మాట.

“ఇంకా వండలేదమ్మగారూ.”

“గోంగూర వండుకో. కారం కాస్త ఎక్కువెయ్యి. నువ్వు రావడం మానేశాక ఆ మాట నన్ను ఎవరూ అడగట్లేదే.”

“వేస్తానమ్మగారూ,” అంది జోజమ్మ. లేచిన మూలను బొటనవేలితో అదిమింది. మందుసీసాను వెచ్చబెట్టినట్టే, వేలి వేడి దానికి ఎక్కేదాకా అదిమి పట్టుకుంది. సౌజన్య తెచ్చిన కాఫీ చల్లారిపోయింది.

మధ్యాహ్నం గోంగూర ఆకు తుంచుతుంటే గిరిబాబు ఫోను చేశాడు.

“జోజమ్మగారూ, అమ్మ పోయిందండి. నిద్రలోనే. స్నానం చేయించాలి. ఆ పట్టీ తియ్యడానికి మాకెవరికీ చెయ్యాడట్లేదు. మీరొస్తారా?”

పిలుపొచ్చింది. ఆమె వెళ్ళేసరికి ఇల్లంతా గేటువైపే చూస్తోంది. జోజమ్మ తల వంచుకుని లోపలికెళ్ళింది. భుజం పక్కన కూర్చుని, అలవాటుకొద్దీ “ఇవాళ కూ...” అని నోరు మూసుకుంది.

మూడు మూలలు సులువుగా వచ్చాయి. నాలుగోది చర్మాన్ని వదలలేదు. నీళ్ళతో తడిపి, ఓపిగ్గా తీసింది. నీళ్ళు పోసేవాళ్ళు వచ్చేసరికి పట్టీ జోజమ్మ స్టీలు డబ్బా మూత మీద వెల్లకిలా పడి ఉంది, ఒక మూల బొటనవేలి గుర్తుతో.