రంగు రాలేదు

మరియదాసు కుడిచేతి మణికట్టును ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని ‘ఛ’ అడుగున గీత దింపుతున్నాడు. కుంచె చివర పసుపు రంగు వణికింది. ఊపిరి బిగబట్టి, వణుకు తగ్గేదాకా ఆగి, మిగతా గీత లాగాడు. లారీ వెనక తలుపు మీద ‘ఛాయాదేవి ట్రాన్స్‌పోర్ట్’ అని రాయాలి. నిన్నంతా ‘ట్రాన్స్‌పోర్ట్’ దగ్గరే పోయింది. ఇవాళ పొద్దున్నుంచి అయింది ఈ ఒక్క అక్షరమే.

ఆటోనగర్ మీద రెండు రోజులుగా ముసురు పట్టింది. షెడ్డు రేకుల మీద చినుకుల చప్పుడు, లోపల వెల్డింగ్ వాసన. ఇక్కడికి లారీ ఇంజనూ చక్రాలతో మాత్రమే వస్తుంది. ఒకరు ఇనుము అతికిస్తారు, ఒకరు చెక్కలు బిగిస్తారు, మరియదాసు రంగు వేసి పేరు రాస్తాడు. ఆఖరున యేసుకుమార్ వైర్లు లాగి దీపాలు బిగిస్తాడు. ఒకరి పని ఆగితే వెనకవాడు చేతులు కట్టుకుని కూర్చోవాలి.

అతని జేబులో ఫోను మోగింది. తీసి చెవిన పెట్టుకున్నాడు.

“మరియదాసు గారూ, ఛాయాదేవి లారీ రంగు పని ఎంతవరకు వచ్చింది?”

మెత్తటి ఆడగొంతు. మనిషి గొంతు కాదని, కంప్యూటర్ గొంతని అందరికీ తెలుసు. షెడ్డు యజమాని వెంకటకృష్ణారావు గారి కూతురు ఉషశ్రీ ఈ వేసవిలో పెట్టింది దాన్ని. పొద్దునా సాయంత్రం ఒక్కొక్కరినీ వాట్సాప్‌లో పలకరించి, వాళ్ళు చెప్పింది విని, ఎవరి పని ఎప్పుడో తానే సర్దుతుంది. సరుకు రాలేదంటే కొట్టుకు తానే కబురు పెడుతుంది. బండి ఆలస్యమైందని లారీల యజమానులు ఆఫీసుకొచ్చి అరవడం అప్పటినుంచి తగ్గింది. పనివాళ్ళు మాత్రం దానికి ఆరాలపిల్ల అని పేరు పెట్టుకున్నారు.

“జరుగుతా ఉందండి,” అన్నాడు మరియదాసు. వెంటనే ఫోను అన్నం క్యారేజీ సంచిలో పెట్టి మూతి బిగించాడు. అడగనప్పుడు కూడా అది వింటుందని అతని అనుమానం.

అనుమానం ఊరికే రాలేదు. పక్క షెడ్లలో అక్షరాలు రాయడం మానేశారు. గవర్నర్‌పేట నుంచి స్టిక్కర్లు కోయించి తెచ్చి, పావుగంటలో అతికించేస్తున్నారు. ఈ షెడ్డులో ఇంకా చేత్తో రాయిస్తున్నారంటే అది పెద్దాయన అభిమానం. తన చెయ్యి నెమ్మదించిందని కాగితం మీద తేలితే ఆ అభిమానం ఎన్నాళ్ళుంటుంది? అది తేల్చడానికే ఈ గొంతును పెట్టారని అతను నమ్మాడు.

ఇంతకుముందు ఒకసారి ఇలాగే అయింది. కుర్రతనంలో అతను గోడల మీద రాసేవాడు. సినిమా పేర్లు, ఎన్నికల గుర్తులు, సువార్త సభల తేదీలు. మంగళగిరి నుంచి ఉయ్యూరు దాకా అతని అక్షరం లేని గోడ ఉండేది కాదు. ఫ్లెక్సీలు వచ్చిన ఏడాది, పనిచ్చే ఆయన టీ తెప్పించి, భుజం మీద చెయ్యి వేసి, మళ్ళీ కబురు చేస్తానన్నాడు. ఆ కబురు ఇప్పటికీ రాలేదు. అప్పటినుంచి మెత్తటి మాట వింటే మరియదాసుకు భయం. చెయ్యి వణుకుతున్న సంగతి ఇంట్లో తెరేసమ్మ ఒక్కదానికే చెప్పాడు. పొద్దున్నే చొక్కా గుండీలు ఆమే పెడుతుంది.

ఇప్పుడు అతనికి యేసుకుమార్ మీద కూడా అనుమానమే. బాబాయ్ బాబాయ్ అంటూ తిరిగే మనిషి, ఫోనులో మాట్లాడేటప్పుడు మాత్రం ఇటు ఒకసారి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అటు తిరుగుతున్నాడు.

మధ్యాహ్నం ‘యా’ సగంలో ఉండగా వెంకటకృష్ణారావు గారు లోపలికొచ్చారు. మరియదాసు సామాను పెట్టుకునే మూల దగ్గర ఆగారు. అక్కడ రంగు డబ్బాలు ఛాతీ ఎత్తున పేర్చి ఉన్నాయి. ఒక్కదానికీ మూత తీయలేదు.

“ఏమయ్యా మరియదాసూ, కొట్టేమన్నా పెడతన్నావా?”

నవ్వుతూనే అన్నారు. కానీ వెళ్ళేటప్పుడు డబ్బాల వెనక్కి వంగి చూసి వెళ్ళారు.

మరియదాసు అన్నం తినలేకపోయాడు. ఆ డబ్బాలు అతను అడగలేదు. రిక్షా అతను తెచ్చి దించుతుంటే, ఉషశ్రీ తెప్పిస్తోంది కాబోలు అనుకున్నాడు. ఇప్పుడు అంతా అర్థమైనట్టనిపించింది. పాతమనిషిని ఊరికే పొమ్మంటే బాగుండదు. రంగు ఎత్తుకుపోతున్నాడంటే ఎవరూ అడగరు. నేరుగా యేసుకుమార్ దగ్గరికి వెళ్ళి, నా మీద దానికి ఏమేం ఎక్కిస్తున్నావని అడిగాడు.

యేసుకుమార్ చేతిలో వైరు కింద పెట్టేశాడు.

“నువ్వేమీ అనుకోమాక బాబాయ్. లేటెందుకయిందని అది అడిగినప్పుడల్లా రంగు రాలేదని చెప్తన్నా. నేనే కాదు, అందరం అదే చెప్తన్నాం. నీ చెయ్యి సంగతి దానికి చెప్పమంటావా?”

అందరూ ఒకే మాట చెప్పారు కాబట్టి ఆరాలపిల్ల నమ్మింది. ప్రతి లారీకీ మరి కాస్త ముందుగా, మరి కాస్త ఎక్కువగా రంగు తెప్పించింది. ఇన్ని డబ్బాలు ఎందుకు పోగవుతున్నాయని ఎవరూ ఆలోచించలేదు.

మరియదాసుకు కోపం రాలేదు. తన వణుకు ఎవరికీ కనబడలేదని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. షెడ్డంతా చూసింది, చూడనట్టు నటించింది. మూలకు వెళ్ళి క్యారేజీ సంచిలోంచి ఫోను బయటికి తీశాడు.

“రంగు వచ్చిందండి. ఎప్పుడూ వస్తానే ఉంది. వీళ్ళు నాకోసం అబద్ధం చెప్పారు. నా చెయ్యే సాగట్లేదు.”

కాసేపటికి జవాబొచ్చింది. “చెప్పినందుకు ధన్యవాదాలు మరియదాసు గారూ. ఇకనుంచి మీ పనికి రెట్టింపు సమయం పెడుతున్నాను.”

ఆ వెంటనే షెడ్డంతా ఫోన్లు మోగాయి. అందరి పని తేదీలూ వాయిదా పడ్డాయి. యేసుకుమార్ ఫోను చూసి గబుక్కున జేబులో పెట్టుకున్నాడు. అతనికి నెల జీతం లేదు, దీపాలు బిగించిన బండికి ఇంతని ఇస్తారు.

ఉషశ్రీ గొడుగు ముడవకుండానే లోపలికొచ్చింది. “ముందే చెప్తే ముందే టైము పెట్టేదాన్ని కదండీ. మీరు నిదానంగా రాసుకోండి, ఏం పర్లేదు.”

మరియదాసు ఆమె ముఖం పరీక్షగా చూశాడు. అందులో వేరే ఆలోచనేదీ కనబడలేదు. అయినా నమ్మకం కుదరలేదు. ఆ పిల్ల మాట నిజమే అయినా, ఆ సమయం ఎవరిదో అతనికి తెలుసు. తల ఊపి, మళ్ళీ లారీ వైపు తిరిగాడు.

‘యా’ పూర్తయింది. ‘దే’ ఏత్వం దగ్గర రెండుసార్లు తుడిచి రాయాల్సొచ్చింది. ‘వి’ రాసేసరికి బయట చీకటి పడుతోంది, అందరూ వెళ్ళిపోయారు. కుంచెలు కిరసనాయిల్లో కడిగి, గుడ్డతో తుడిచి సంచిలో సర్దుకున్నాడు. ఫోను చేతిలోకి తీసుకున్నాడు. ఈసారి దానితో ఇంటి పిల్లతో మాట్లాడినట్టు మాట్లాడాడు.

“రేపట్నుంచి నన్ను అడక్కమ్మా. స్టిక్కర్లు వేయించుకోమను. యేసుకుమార్‌ని మాత్రం ఖాళీగా కూర్చోబెట్టొద్దు.”

జవాబు కోసం ఆగలేదు. గుణదల వెళ్ళే ఆటో దొరికే దాకా వానలోనే నడిచాడు.

మర్నాడు పొద్దున యేసుకుమార్ అందరికంటే ముందు వచ్చాడు. తలుపు మీద పేరు పూర్తయి ఉంది. ఫోను మోగింది.

“యేసుకుమార్ గారూ, రంగు పని అయిందా?”

“అయిందండి.”

“మరియదాసు గారు నిన్న పంపిన మాట ఉషశ్రీ గారికి చేరవేశాను. ఆయన ఇవాళ వచ్చారా?”

వస్తున్నాడు, దారిలో ఉన్నాడు అనబోయాడు. నోటిదాకా వచ్చింది. మూల వైపు చూశాడు. అక్కడ మేకుకు మరియదాసు పైన వేసుకునే పని చొక్కా వేలాడుతోంది. గుండీలన్నీ పెట్టే ఉన్నాయి, తల మీదుగా విప్పినట్టున్నాడు. యేసుకుమార్ దగ్గరికి వెళ్ళి చొక్కా చేతి అంచు ముట్టుకున్నాడు. ముసురుకు పసుపు రంగు ఇంకా ఆరలేదు.