ప్రథమఫలం

నందికొట్కూరు చర్చిలో విశ్వాసమ్మ సాక్ష్యం చెప్పి వారం కాలేదు. కొడుకు వసంతకుమార్ మెడ మీది నిమ్మకాయంత గడ్డ రెండో విడత కీమోకే కరిగిపోయింది. దేవుడు నా బిడ్డను పూర్తిగా బాగుచేసినాడని ఆమె నిలబడి చెబితే, సంఘమంతా చప్పట్లు కొట్టింది.

ఇప్పుడు మూడో విడతకు రమ్మని కర్నూలు ఆస్పత్రి నుంచి ఫోను.

"పోయేది లేదు," అంది విశ్వాసమ్మ. "స్వస్థత అయిందని అందరి ముందరా చెప్పినా. మళ్లా సూదులకు పోతే దేవుడి మాట అబద్ధం చేసినట్టే."

వసంత్ బోడితల తడుముకున్నాడు. "అది దేవుడి మాట గాదుమా, నీ మాట. పూర్తిగా అని ఆయన యాడ చెప్పినాడు?"

"మీసం రాలిపోయినా నోరు మాత్రం రాలలేదు నీకు!"

నవ్వబోయి, నీరసంతో మంచం మీద ఒరిగాడతను. వృషణంలో పుట్టిన క్యాన్సర్ మెడకూ, ఊపిరితిత్తులకూ పాకిందని డాక్టరమ్మ మొదట్లోనే చెప్పింది. పాకినా మందుకు లొంగే రకమనీ, నాలుగు విడతలూ వేళకు పడితే నయమయ్యే అవకాశం బాగా ఉందనీ, మధ్యలో మానితే మిగిలింది మొండికేస్తుందనీ అంది. విశ్వాసమ్మ ఆ నడిమి మాటే పట్టుకుంది. పోయినేడు భర్త సుందరాన్ని మట్టిలో పెట్టిన మనిషి. నయమవుతుందన్న మాట విన్నాక, ఆపైన వినే ధైర్యం చాలలేదు.

తన మాటే నిజమనిపించుకుందామని పాస్టరు ఏసన్న ఇంటికి పోయింది. ఆయన అంతా విని, "ప్రథమఫలమని మిరప మొదటి కోత చర్చికి తెచ్చినావు గదమ్మా. మిగిలిన చేనేం చేసినావు?" అన్నాడు.

"ఏం చేస్తాం అయ్యగారూ, కోసుకున్నాం. విడిస్తే చెట్టు మీదనే కుళ్లిపోదా?"

అనేసి ఆగిపోయింది.

ఆదివారం ఆమె మళ్లీ లేచి నిలబడింది. "పోయిన వారం తొందరపడి చెప్పినా. గడ్డ పోయింది నిజమే. అది ప్రథమఫలం. కోత ఇంకా శానా ఉండాది. రేపు కర్నూలుకు పోతాండాము. ప్రార్థన చేయండి."

ఆడవాళ్ల వైపు నుంచి ప్రేమజ్యోతి అడిగింది: "మరి మేం కొట్టిన చప్పట్లు వాపసు తీసుకోవల్లా అక్కా?"

"ఉంచుకో. కోత అయినాక మళ్లా కొడుదువు."

అందరికంటే ముందు వసంతే నవ్వాడు.

సోమవారం బస్సులో కిటికీ పక్క సీటు కొడుక్కిచ్చింది. దారి పక్క మిరపచేలల్లో ఆడవాళ్లు వంగి రెండో కోత కోస్తున్నారు. వసంత్ ఆమె భుజం మీద నిద్రపోయాడు. విశ్వాసమ్మ కదలకుండా, చేలు అయిపోయేదాకా చూస్తూ కూర్చుంది.